తెల్ల బిళ్ల, నీలం బిళ్ల

మందుల పెట్టెలో నీలం గది ఆ రోజు కూడా తెరుచుకోలేదు. వరసగా పంతొమ్మిదో రోజు. చైత్ర మోచేతిని దాని ముందు పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. ఎర్ర దీపం వెలిగింది. "ఈ రెండు మందులూ కలిపి వాడకూడదు. దయచేసి మీ వైద్యులను సంప్రదించండి," అంది పెట్టె, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే చైత్రకి ఒళ్లు మండిపోయింది.

"సంప్రదించానే తల్లీ! ఈ రెండూ రాసింది ఆవిడే! ఎన్నిసార్లు చెప్పి చావాలి నీకు?" అంటూ మూత మీద అరచేత్తో ఒక్కటిచ్చింది.

"పొద్దున్నే దాంతో పోట్లాటేంటే?" అని వంటింట్లోంచి వాళ్లమ్మ సుగుణమ్మ కేకేసింది. "పక్కింటివాళ్లు మనమే కొట్టుకుంటున్నామనుకుంటారు. రా, కాఫీ చల్లారిపోతోంది."

భోజనాల బల్ల దగ్గర బ్యాగు సర్దుకుంటున్న నిరుపమ తల ఎత్తలేదు. చెల్లెలి వైపు చూడ్డానికి ఆమెకి మొహం చెల్లలేదు. ఆ పెట్టెని తయారు చేసింది ఆమే మరి.

ఆమే అంటే ఒక్కతే కాదు. విశాఖపట్నంలో కొండ మీదున్న ఔషధ పరిశోధన కేంద్రంలో పాతికమంది ఆరేళ్లపాటు చచ్చీ చెడీ చేసిన పని అది. బియ్యపు గింజంత పూస ఒకటి మోచేతి పైన చర్మం కింద పెడతారు. దాని పేరు కావలి. రక్తంలో ఏ మందు ఎంతుందో, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూసి ఇంట్లో ఉన్న మందుల పెట్టెకి చెబుతుంది. పెట్టెలో ఒక్కో మందుకి ఒక్కో గది. ఫలానా మందుకీ ఫలానా మందుకీ పడదని కావలి అంటే, రెండో దాని గది మూసుకుపోతుంది. ఇక డాక్టరు చెప్పినా తెరుచుకోదు, దేవుడు చెప్పినా తెరుచుకోదు.

ఇదంతా ఉత్త చాదస్తమని కొట్టిపారెయ్యడానికీ లేదు. కావలి రాకముందు ఒక లెక్చరరు ఒక డాక్టరు రాసిన పాతకాలం డిప్రెషన్ మందు వాడుతూ, ఆ సంగతి చెప్పకుండా ఇంకో డాక్టరు దగ్గర ఉత్తేజం కలిగించే మందు రాయించుకున్నాడు. రెండూ కలిసి బీపీ ఎక్కడికో పోయి, క్లాసులోనే కూలి ప్రాణం వదిలాడు. అలా ప్రాణం మీదికి తెచ్చే జంటలు కొన్ని నిజంగానే ఉన్నాయి. వాటిని మూడు వందల పన్నెండు మంది వాలంటీర్ల మీద పరీక్షించి, ప్రమాదమైనవాటిని ఎర్ర గళ్లలో వేసి, జంట పట్టిక అని పేరు పెట్టారు. పట్టిక అడుగున సంతకం నిరుపమది.

చైత్ర మందులు రెండూ ఆ పట్టికలో ఎర్ర గడిలోనే ఉన్నాయి. తెల్ల బిళ్ల డిప్రెషన్‌కి. నీలం బిళ్ల ధ్యాస నిలవడానికి. బుర్ర ఒకచోట ఉండదు, ఉత్త గాలిపిల్ల అని చిన్నప్పట్నుంచీ తిట్లు తిన్న మనిషికి, ఆ గాలితనానికి డాక్టర్లు పెట్టిన పేరొకటుందని ముప్పై దాటాక తెలిసింది. డాక్టర్ శైలజ బీపీ చూస్తూ, రక్తం చూస్తూ, మోతాదులు మార్చి మార్చి చివరికి ఈ జంట కుదిర్చింది. పద్నాలుగు నెలలపాటు చైత్ర మంచం దిగింది, నవ్వింది, బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేసే ఉద్యోగం కూడా సంపాదించుకుంది. ఉద్యోగంలో చేరాక, మందులు వాడేవాళ్లందరికీ కావలి ఉండాలన్నారు. అది కొత్త మనిషిని పద్నాలుగు రోజులు ఊరికే గమనిస్తుంది. పదిహేనో రోజున నీలం బిళ్ల గది మూసేసింది.

"నిన్న గాజువాక బస్సుకి ఇద్దరు డ్రైవర్లని వేశాను," అంది చైత్ర ఇడ్లీ ముక్కని చట్నీలో తిప్పుతూ. "ఇద్దరూ స్టీరింగు దగ్గర పోట్లాడుకున్నారట. భీమిలి బస్సుకి అసలు ఎవర్నీ వెయ్యలేదు. మేనేజరు గారు పిలిచి, వేసవి చార్టు ముప్పయ్యో తారీకుకి ఒక్క తప్పు లేకుండా ఇవ్వండమ్మా, లేకపోతే ప్రొబేషన్ అక్కడితో సరి అన్నారు. తిట్టలేదు. తిట్టినా బావుండేది."

నిరుపమ బ్యాగు జిప్పు లాగింది.

"అక్కా, దీన్ని చేసింది నువ్వే కదా. ఒక్క మాట చెప్పలేవా దీనికి?"

"ఇవాళ అడుగుతానే," అంది నిరుపమ. పంతొమ్మిది రోజులుగా ఆమె చెబుతున్న మాట అదే.

*

డైరెక్టర్ జోగారావు మంచివాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని కడుపుమంట తీర్చుకోవచ్చు.

"ఇవాళ మీ చెల్లాయిని వదిలేస్తే, రేపు ఫలానా పెద్దమనిషి బావమరిదిని వదిలెయ్యమంటారు," అన్నాడాయన. "డాక్టరు మాటకి కావలి లొంగకూడదని కమిటీలో బల్ల గుద్ది వాదించింది ఎవరండీ? మీరే కదా?"

"నేనే సార్."

"పోనీ మీ చెల్లాయి రికార్డేమైనా వేరేగా ఉందా అంటే, అదీ లేదు. పద్నాలుగు రోజుల్లో పన్నెండు రోజులు గుండె వేగం గీత దాటింది. ఆ గీత గీసింది కూడా మీరే."

నిరుపమ తన గదికొచ్చి ఆ రికార్డు ముందేసుకుని కూర్చుంది. పన్నెండు రోజులు దాటింది, సరే. మరి ఆ మిగతా రెండు రోజుల మాటేమిటి? అవే బిళ్లలు, అదే మోతాదు, అదే మనిషి. ఆ రెండు రోజులూ గుండె ఏ గోలా లేకుండా నడిచింది. మందులకి ఒకదానికొకటి పడకపోతే అన్ని రోజులూ పడకూడదు కదా! ఆదివారాలు సెలవు తీసుకునే శత్రుత్వం ఎక్కడైనా ఉంటుందా?

ఇంటికెళ్లి చెల్లెల్ని పట్టుకుంది. ఆ రెండు రోజులూ ఏం తిన్నావ్? ఎక్కడ తిరిగావ్? ఎన్ని గంటలు పడుకున్నావ్?

"అమ్మ విజయనగరం పెళ్లికెళ్లిన రోజులవి. నువ్వూ నేనూ హోటలు ఇడ్లీలూ పెరుగన్నమూ తిన్నాం. నువ్వూ ఉన్నావుగా!" అంది చైత్ర విసుక్కుంటూ. "అక్కా, నీకు దణ్ణం పెడతాను, నన్నొదిలెయ్. ఈ చార్టు ఇప్పటికి నాలుగుసార్లు మొదలెట్టాను. ప్రతిసారీ సింహాచలం రూటు దగ్గరికి రాగానే ఎక్కడున్నానో మర్చిపోతున్నాను."

నిరుపమ హోటలు ఇడ్లీ గురించి చదివింది, పెరుగు గురించి చదివింది, ఆఖరికి సబ్బు కూడా మారిందేమో కనుక్కుంది. ఎక్కడా ఏమీ దొరకలేదు. తల ప్రాణం తోకకొచ్చింది.

*

ఆ వెతుకులాటలో ఆరో రోజు ఉదయం ఏడుంపావుకి ఆమె కేంద్రం మెట్లెక్కుతోంది. కింద వరండాలో వేరే ప్రయోగానికొచ్చిన వాలంటీర్లు బెంచీల మీద కూర్చున్నారు. రక్తం తీసే టెక్నీషియన్ పైడితల్లి ఒక్కొక్కర్నీ అడుగుతూ కాగితం నింపుతోంది. ఆ కాగితం నిరుపమ తయారు చేసిందే. జంట పట్టిక కాలం నుంచీ అదే నడుస్తోంది.

"ఏమైనా తిన్నావా తాతా?"

"ఏటీ తినలేదమ్మా. పరగడుపునే వొచ్చినాను. కాపీ ఒకటే తాగినాను."

పైడితల్లి 'పరగడుపు' అన్నచోట టిక్కు పెట్టి పక్కమనిషి దగ్గరికి జరిగింది.

నిరుపమ మెట్ల మీద నిలబడిపోయింది. అందులో ఆమెకి వింతగా తోచిన ముక్క ఒక్కటీ లేదు. అసలు తప్పంతా అక్కడే ఉంది. ఆమె ఇంట్లోనూ పరగడుపు అంటే కాఫీ తాగాకే మొదలవుతుంది. సుగుణమ్మ శనివారం ఒంటిపూట ఉపవాసం ఉంటుంది, మంచినీళ్లు కూడా ఆచి తూచి తాగుతుంది, కాఫీ మాత్రం నాలుగుసార్లు తాగుతుంది. ఆ ఇంట్లో పెరిగిన నిరుపమ, 'ఏమైనా తిన్నారా?' అని రాస్తే చాలనుకుంది.

"పైడితల్లీ, మన పట్టిక వాలంటీర్లు కూడా కాఫీ తాగే వచ్చేవారా?"

"తాగకుండా ఎలాగొస్తారు మేడమ్?" అంది పైడితల్లి ఆశ్చర్యపోయి. "అగనంపూడి నుంచీ, ఆనందపురం నుంచీ తెల్లారకుండా బస్సెక్కి వొచ్చీవోరు. తాగకపోతే తలనొప్పొచ్చీదు. అయినా కాపీ తిండేటి మేడమ్?"

కాఫీ తిండి కాదు. కానీ అది కూడా ఒక ఉత్తేజకమే. దాన్ని కరిగించి బయటికి పంపే పని కాలేయానిది. తెల్ల బిళ్ల ఆ పనికి అడ్డం పడుతుంది. ఐదారు గంటల్లో సగమైనా తగ్గాల్సిన కాఫీ, ఆ బిళ్ల వేసుకున్న మనిషి ఒంట్లో రోజంతా తిష్ఠ వేస్తుంది. పొద్దుటి లోటా మీద సాయంత్రం లోటా, దాని మీద మర్నాటి లోటా. గుండె కొంచెం పరుగెడుతుంది. పైన నీలం బిళ్ల పడితే ఇంకాస్త పరుగెత్తి గీత దాటుతుంది. కావలికి మందులే తెలుసు, కాఫీ తెలీదు. కనక దొంగని వదిలేసి, పక్కన నిలబడ్డ నీలం బిళ్లని పట్టుకుంది. సుగుణమ్మ పెళ్లికెళ్లిన రెండు రోజులూ ఇంట్లో డికాక్షన్ తీసేవాళ్లు లేరు. బయటి కాఫీ చైత్ర ముట్టదు.

ఇవన్నీ పుస్తకాల్లో ఉన్న సంగతులే, నిరుపమకి తెలిసినవే. తెలిసి కూడా అడగలేదు.

పైడితల్లీ ఆమే కలిసి చల్లపెట్టెల్లో దాచిన పాత రక్తం నమూనాలు తీశారు. తెల్ల బిళ్లా నీలం బిళ్లా కలిపి వేసుకున్నవాళ్లు నలభై మంది. ముప్పై ఏడుగురి రక్తంలో కాఫీ నిండా ఉంది. లేని ముగ్గురి గుండె గీత దాటలేదు. నిరుపమ ఆ కాగితం పట్టుకుని డైరెక్టరు గదికి దాదాపు పరుగెత్తింది.

జోగారావు రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరు చెప్పింది నిజమనే అనిపిస్తోంది," అన్నాడు. "కానీ ముగ్గురే! ముగ్గుర్ని చూసి ఎర్ర గడి చెరిపేస్తామా? ఆ ముగ్గురికీ ఇంకేదైనా కలిసొచ్చిందేమో. మళ్లీ పరీక్ష పెట్టాలి. కాఫీ మాన్పించి, ఇక్కడే కూర్చోబెట్టి, కొత్తవాళ్లతో చెయ్యాలి. ఎనిమిది నెలలు."

"ఎనిమిది నెలలా! సార్, వాళ్ల డాక్టర్లు చూసుకుంటారు. డాక్టరుకి తాళం ఇవ్వండి చాలు."

"ఒక్క గడి తప్పని బయటికి చెబితే మిగతా ఎర్ర గళ్లని ఎవరు నమ్ముతారండీ? పూసలు పీకి పారేస్తారు. ఆ లెక్చరరు లాంటివాళ్లు మళ్లీ పోతారు. అప్పుడేం చేద్దాం?"

నిరుపమకి అరవాలనిపించింది. ఆయన అన్న దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆరేళ్ల క్రితం తనైనా ఆ మాటే అని ఉండేది. తన మాటే తన మొహాన కొట్టినట్టుంటే ఎవరి మీద అరుస్తుంది?

ఆ సాయంత్రం ఇంట్లో కాఫీ ఆపించింది. సుగుణమ్మ స్టౌ దగ్గరే చతికిలబడింది. "అయితే నా చేత్తో నేనే దాని గుండె మీదికి తెచ్చానటే? రోజూ లోటాడు పోసి, ఇంకొంచెం తాగవే అని బతిమాలి మరీ!" అని కళ్లొత్తుకుంది. చైత్ర మాత్రం, "మానేస్తాలే," అని గదిలోకెళ్లిపోయింది. కాఫీలో పంచదార తక్కువైతేనే ఇల్లు పీకి పందిరేసే పిల్ల. ఎంత బుద్ధిమంతురాలయిందో అనుకుంది నిరుపమ. పెట్టెకి మాత్రం కాఫీ మానినా మానకపోయినా ఒకటే. గడి ఎరుపైతే ఎరుపే.

*

ముప్పయ్యో తారీకు వచ్చింది. నిరుపమ ఆరింటికి ఇల్లు చేరింది. పొద్దుట్నుంచీ కొత్త పరీక్షకి కాగితాలు రాసి రాసి వేళ్లు పీకుతున్నాయి. చెల్లెలు ఏడుస్తూ ఉంటుందనీ, ఏం చెప్పి ఓదార్చాలనీ దారంతా ఆలోచించుకుంటూనే వచ్చింది.

చైత్ర సోఫాలో కూర్చుని ఉంది. బల్ల మీద డిపో కాగితం. ఉద్యోగం ఖాయం చేసినట్టు అందులో రాసి ఉంది.

"రెండు వందల నలభై డ్యూటీలు. ఒక్క తప్పు లేదట!" అంది సుగుణమ్మ సంబరంగా. "మేనేజరు గారు చప్పట్లు కొట్టించారట. ఇంతకీ మొత్తానికి పెట్టెకి చెప్పి తెరిపించావు కదే. మాతో ఒక్కమాటైనా అనలేదు!"

నిరుపమ పెట్టె వైపు చూసింది. ఆకుపచ్చ దీపం వెలుగుతోంది.

"నేను తెరిపించలేదమ్మా," అంది.

చైత్ర కాసేపు కాగితం అంచు మడుస్తూ కూర్చుంది. "రెండింట్లో ఒకటే ఇస్తానంది అక్కా అది," అంది చివరికి. "తెల్ల బిళ్ల మానేశాను. నాలుగు రోజులకి నీలం గది తెరుచుకుంది. శైలజ గారికి చెబితే వద్దంటారని చెప్పలేదు."

"ఎన్ని రోజులైంది?"

"పదకొండు."

నిరుపమ వెళ్లి పెట్టెలో లెక్క చూసింది. పదకొండు రోజులుగా తెల్ల బిళ్ల గది తెరవలేదు. మందు మానేస్తే చెప్పమని పెట్టెకి ఎవరూ నేర్పలేదు. కలిపి వేసుకుంటేనే అది కేకలేస్తుంది. వేసుకోకపోతే దానికి హాయి. పదకొండు రోజులుగా ఆ దీపం ఆకుపచ్చగానే వెలుగుతోంది. సుగుణమ్మ ఒక్కతే రోజూ, అన్నం సగం వదిలేస్తోందే అని చెబుతూ వచ్చింది. కేంద్రం కాగితాల్లో తల దూర్చిన నిరుపమ ఆ మాట విని కూడా వినలేదు.

"ఉద్యోగం ఉందిలే," అంది చైత్ర. ఆ గొంతులో సంతోషం లేదు, బాధా లేదు. "ఎందుకో మాత్రం తెలీడం లేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఎవరి కోసం కొడుతున్నారా అని వెనక్కి చూశాను."

మర్నాడు చైత్ర మంచం దిగలేదు. డాక్టర్ శైలజ ఇంటికే వచ్చి గంటసేపు మాట్లాడింది. బయటికొచ్చి నిరుపమతో కచ్చితంగా చెప్పింది. "తెల్ల బిళ్ల మళ్లీ మొదలెట్టాలి, నేను దగ్గరుండి చూస్తాను. కానీ అది మొదలెడితే నీలం గది మూసుకుపోతుంది. చార్టులు తప్పుతాయి, ఉద్యోగం పోతుంది, మనిషి మళ్లీ పడుతుంది. ఈ అమ్మాయికి రెండూ కావాలి. మీ కేంద్రం వాళ్లే ఏదో ఒకటి చెయ్యాలి."

చెయ్యడానికి ఒక్కటే దారి ఉంది. కొత్త పరీక్షలో వాలంటీర్లకి పెట్టె తాళం తీస్తారు. రోజూ కేంద్రానికెళ్లి, డాక్టరు కళ్లముందు రెండు బిళ్లలూ వేసుకోవచ్చు. కానీ సిబ్బంది రక్తసంబంధీకులు వాలంటీర్లుగా పనికిరారు. ఆ నియమం ఎవరు రాశారో చెప్పక్కర్లేదు.

నిరుపమ జోగారావు బల్ల మీద రెండు కాగితాలు పెట్టింది. ఒకటి రాజీనామా. రెండోది చైత్ర దరఖాస్తు.

"పదహారేళ్ల సర్వీసండీ!" అన్నాడాయన నిర్ఘాంతపోయి. "ఈ పరీక్ష నడపాల్సింది మీరు. తప్పు పట్టుకున్నదే మీరు. మీరెళ్లిపోతే ఎలా?"

"పైడితల్లికి అన్నీ తెలుసు సార్. కాగితంలో ఏం అడగాలో నాకంటే బాగా తెలుసు."

"ఇది మూర్ఖత్వం."

"అవును సార్. సంతకం పెట్టండి."

ఆయన రెండు కాగితాల మీదా సంతకం పెట్టాడు.

అంతటితో అయిపోలేదు. అసలు ముడి ఇంట్లో పడింది. ఒప్పుకోలు కాగితం మీద చైత్ర సంతకం పెట్టనంది.

"ఇందులో, ఇష్టపూర్వకంగా చేరుతున్నాను అని ఉందక్కా," అంది గోడ వైపు తిరిగి. "నాకు దేని మీదా ఇష్టం లేదు. అబద్ధం ఎందుకు రాయడం?"

"ఆ మాట అనిపిస్తోంది నీ జబ్బే చైత్రా! తెల్ల బిళ్ల పడితే నువ్వే..."

"తెల్లది వేసుకుంటే నీలం గది మూసేస్తుందిగా ఆ పెట్టె. వేసుకోను. వదిలెయ్."

నిరుపమ వదల్లేదు. మొదటి రోజు బతిమాలింది. రెండో రోజు కోపం పట్టలేక, "నీ కోసం ఉద్యోగం మానేశానే, నీకు చీమ కుట్టినట్టైనా లేదా!" అని అరిచేసింది. అరిచిన మరుక్షణం నోరు నొక్కుకుంది. చైత్ర ఏడవలేదు, తిరగబడలేదు. "మానమని నేను అడగలేదు," అని మాత్రం అంది. కనీసం ఆ పాత పోట్లాట పోట్లాడినా బావుండేది. మూడో రోజు డాక్టర్ శైలజ వచ్చి కూర్చుంది, సుగుణమ్మ కూర్చుంది, ఎవరు ఏం చెప్పినా గోడకి చెప్పినట్టే అయింది. పరీక్షలో చేరాలంటే సంతకం కావాలి, సంతకానికి ఇష్టం కావాలి, ఇష్టానికి బిళ్ల కావాలి, బిళ్లకి సంతకం కావాలి. నిరుపమకి పిచ్చెక్కిపోయింది.

నాలుగో రోజు ఉదయం ఆమె ఏమీ మాట్లాడలేదు. మాట్లాడ్డానికి మిగిలిందేమీ లేదు. కాగితం, కలం చెల్లెలి దిండు పక్కన పెట్టి, కింద నేల మీద కూర్చుని మంచానికి వీపు ఆనించింది. పదహారేళ్లలో మొదటిసారి, ఏ పనికీ ఆలస్యం కాని ఉదయం. గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. సుగుణమ్మ రెండుసార్లు తొంగి చూసి వెళ్లింది.

"నడుం నొప్పెట్టడం లేదూ నీకు?" అంది చైత్ర వెనక నుంచి.

"నొప్పెడుతోంది."

"మరి లేవొచ్చుగా."

"లేవను."

"రేపు?"

"రేపూ కూర్చుంటాను."

దుప్పటి కదిలింది. కలం మూత తీసిన చప్పుడు వినిపించింది. తిప్పితే ఎక్కడ ఆగిపోతుందోనని నిరుపమ తల తిప్పలేదు.

"ఇష్టపూర్వకంగా అన్నది కొట్టేశాను," అంది చైత్ర. "మా అక్క లేవనంటోంది కాబట్టి అని రాశాను. ఒప్పుకుంటారా వాళ్లు?"

"ఒప్పుకుంటారు," అంది నిరుపమ. "ఒప్పుకోకపోతే వాళ్ల గుమ్మం ముందు కూర్చుంటాను."

చైత్ర కాళ్లు మంచం కిందికి దించింది. అక్క భుజం మీద చెయ్యి వేసి, దాన్ని పట్టుకుని లేచి నిలబడింది.

"ఎన్నింటికి రమ్మన్నారు?" అని అడిగింది.